అమరావతి రాళ్లు, బందరు అద్దకం: లండన్‌లో ఒక శుక్రవారం

గుంటూరులో పుట్టి పెరిగిన నాకు అమరావతి 35 కిలోమీటర్ల దూరం. బడిలో ఉన్నప్పుడు మమ్మల్ని ప్రతి ఏడాదీ అక్కడికి తీసుకువెళ్లేవారు. పాత బౌద్ధ స్తూపం మిగిల్చిన, గడ్డి మొలిచిన గుండ్రని దిబ్బ, దాని చుట్టూ నిలబెట్టిన కొన్ని పలకలు, పక్కనే చిన్న ప్రదర్శనశాల చూసి, అమరేశ్వరుడి గుడికి వెళ్లి, కృష్ణ ఒడ్డున పులిహోర తిని తిరిగి వచ్చేవాళ్లం. మిగిలిన శిల్పాలన్నీ మద్రాసులోనూ లండన్‌లోనూ ఉన్నాయని మా సోషలు మాస్టారు ప్రతిసారీ చెప్పేవారు. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నవాటిని తరువాత రెండుసార్లు చూశాను. లండన్‌లో ఉన్నవాటిని చూడటానికి నాకు నలభై ఏడేళ్లు వచ్చేదాకా కుదరలేదు. ఒక పెళ్లి పనిమీద ఇంగ్లండు వెళ్లినప్పుడు నాకంటూ మిగిలింది ఒకే ఒక్క శుక్రవారం. ఆ రోజును ఎలా గడిపామో, ఏది ఎంత విలువ చేసిందో, మనవాళ్లలో ఎవరైనా అటు వెళితే వారికి పనికివస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

శుక్రవారం దొరకడం నిజంగా అదృష్టమే. బ్రిటిష్ మ్యూజియం మిగతా రోజుల్లో సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. శుక్రవారం మాత్రం 8.30 వరకు తెరిచి ఉంటుంది. సౌత్ కెన్సింగ్టన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం శుక్రవారం రాత్రి 10 గంటల దాకా తెరిచి ఉంటుంది. రెండింటికీ ప్రవేశం ఉచితం. ఒక్క రోజే ఉన్నవారు ఆ రోజు శుక్రవారం అయ్యేలా చూసుకుంటే తొందరపాటు సగం తగ్గుతుంది. గదులను మరమ్మతుల కోసం, కొత్త అమరికల కోసం అప్పుడప్పుడు మూస్తుంటారు కాబట్టి, మీరు చూడాలనుకున్న గది ఆ రోజు తెరిచి ఉందో లేదో బయలుదేరే ముందే మ్యూజియం వారి సమాచారంలో చూసుకోవడం అవసరం.

నాతో వచ్చింది నా కాలేజీ స్నేహితురాలు. తనది బందరు. గుంటూరు హాస్టల్లో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం. తను లండన్‌లోని ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేస్తూ అక్కడే స్థిరపడింది. మేము ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని ఇరవై రెండేళ్లయింది. ఉదయం తొమ్మిదిన్నరకు రస్సెల్ స్క్వేర్ పార్కులో కలుసుకున్నాం. నేను బందరు నుంచి తెప్పించి తీసుకువెళ్లిన తొక్కుడు లడ్డు డబ్బా మూత తీయగానే తను మాట్లాడటం మానేసి ఒకటి నోట్లో వేసుకుంది. శనగపిండి పూస వండి, దంచి, జల్లించి, పాకంలో నేతితో కలిపి రోట్లో తొక్కే ఆ లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని తనకు తెలియదు. ‘మన రోలుకు ఇన్నాళ్లకు గౌరవం వచ్చిందే’ అంది. అంతకుముందే పక్కవీధిలోని ఒక దుకాణంలో టీ కొనుక్కున్నాం. అది వేడినీళ్లలో ముంచి తీసిన సంచి రుచి తప్ప మరేమీ లేనిది, ధర మాత్రం భోజనానికి సరిపడేది. కాబట్టి మ్యూజియం చుట్టుపక్కల మొదట కనిపించిన చోట టీ తాగవద్దని నా సలహా.

బ్రిటిష్ మ్యూజియంలోకి పెద్ద స్తంభాలున్న ముందు ద్వారం నుంచి కాక, వెనుకవైపు మాంటేగ్ ప్లేస్ వీధిలో ఉన్న ద్వారం నుంచి వెళ్లమని నేను గట్టిగా చెబుతాను. అమరావతి శిల్పాలున్న 33ఎ గది ఆ వైపుకే దగ్గర. ముందు నుంచి వెళితే, ఈజిప్టు పాత లిపిని చదవడానికి దారిచూపిన రోసెట్టా శిల చుట్టూ మూగిన జనం, ఈజిప్టు విగ్రహాలు, గాజు పైకప్పు కింద ఉన్న విశాలమైన ప్రాంగణం మనల్ని ఒక్కొక్కటీ ఆపేస్తాయి. చూడవలసిన గదికి చేరేసరికి కాళ్లు అలసిపోయి ఉంటాయి. చైనా, దక్షిణాసియా వస్తువులున్న పొడవైన 33వ గదికి ఆనుకుని, గాజు గోడ వెనుక, ఉష్ణోగ్రతనూ గాలిలోని తేమనూ అదుపులో ఉంచిన ఒక ప్రత్యేకమైన గదిలో మన శిల్పాలు ఉన్నాయి. 1992లో ఈ గదిని ఇలా ఏర్పాటు చేశారు. ఇంత జాగ్రత్త ఎందుకంటే అది పలనాటి సున్నపురాయి. చెక్కడానికి వెన్నలా లొంగుతుంది, కానీ తేమకూ పొగకూ త్వరగా పాడవుతుంది.

ఆ గాజు తలుపు దాటగానే నాకు మాట పడిపోయింది. అమరావతి దిబ్బ దగ్గర నిలబడి ఊహించుకోవడానికి ప్రయత్నించినదంతా ఇక్కడ నా తలకంటే ఎత్తున నిలబడి ఉంది. ప్రాకార స్తంభాలు, వాటిని కలిపే అడ్డపట్టెల మీద విచ్చిన పద్మాలు, ఆ స్తంభాలపై పరిచిన ఉష్ణీషం అనే పైరాతి మీద బరువైన పూలదండను భుజాల మీద మోసుకుపోతున్న మనుషులు కనిపిస్తారు. లేత బూడిద రంగులో, అక్కడక్కడ ఆకుపచ్చ ఛాయతో ఉన్న ఆ రాయిని మా జిల్లాలో ఇళ్ల అరుగులకూ గడపలకూ పరిచిన బండల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఈ గదిలో ఒక్క శిల్పం ముందే ఎక్కువసేపు ఉండాలంటే, రెండువైపులా చెక్కిన పలక ముందు ఉండండి. దాని ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానికి చెందిన చెక్కడం. బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, పాదముద్రలు, చుట్టూ మొక్కుతున్న భక్తులు. బుద్ధుడి రూపం మాత్రం లేదు. సుమారు మూడు వందల ఏళ్ల తరువాత, క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, స్తూపాన్ని కొత్తగా అలంకరించేటప్పుడు అదే పలకను వెనక్కు తిప్పి మరోవైపు చెక్కారు. ఈ వైపున మొత్తం స్తూపమే ఉంది. అండం అనే గుండ్రని గుమ్మటం, ద్వారం దగ్గర సింహాలు, వరుసగా నిలిపిన ఐదు ఆయక స్తంభాలు, ప్రాకారం, పైన ఎగిరివస్తున్న గంధర్వులు, ద్వారంలో నిలబడిన బుద్ధుడు. అమరావతి మహాచైత్యం, అంటే ఆ పెద్ద స్తూపం, పూర్తి రూపంలో ఎలా ఉండేదో ఈనాడు మనకు తెలుస్తున్నదంటే అందుకు ఇటువంటి పలకలే ముఖ్యమైన ఆధారం. ఒకే రాతిలో రెండు కాలాల భక్తి, ఒకటి రూపం వద్దనుకున్నది, మరొకటి రూపం కావాలనుకున్నది, వెన్నుకు వెన్ను ఆనుకుని ఉన్నాయి. నేను దాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో గమనించలేదు. నా స్నేహితురాలు మాత్రం ‘ప్రదక్షిణ చేస్తున్నావా’ అని అడిగింది. స్తూపం చుట్టూ చేయవలసింది అదే కదా అన్నాను.

బుద్ధుడి జననాన్ని నాలుగు దృశ్యాలుగా చెక్కిన మరో పలక ఉంది. మాయాదేవి కల, ఆ కలకు అర్థం చెబుతున్న సభ, చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడిన తల్లి, ఆ తరువాత బిడ్డను దేవత ముందుకు తీసుకురావడం. ఆ బిడ్డ ఎక్కడా కనిపించడు. పరిచిన వస్త్రం మీద చిన్ని పాదాల గుర్తులు మాత్రమే ఉంటాయి. పురిటి గుడ్డ మీద పాదముద్రలతోనే ఒక బిడ్డ పుట్టుకను చూపించిన ఆ శిల్పి పేరు మనకు తెలియదు. కానీ అమరావతి శాసనాల్లో దాతల పేర్లు ఎన్నో ఉన్నాయి. వారిలో రాజులకంటే మామూలు మనుషులే ఎక్కువగా కనిపిస్తారు. విధికుడనే తోలుపనివాడు తల్లితో, భార్యతో, తమ్ముళ్లతో, కొడుకుతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకను దానం చేశాడని ఒక శాసనం చెబుతుంది. ఆ పూర్ణకుంభమే ఈనాటి ఆంధ్రప్రదేశ్ అధికార చిహ్నంలో ఉంది. అమరావతి రాతి మీదనే ‘నాగబు’ అనే పదాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. మనకు దొరికిన తొలి తెలుగు మాటల్లో అది ఒకటని చదువుకున్నాం.

ఈ రాళ్లు ఇక్కడికి ఎలా వచ్చాయో చెప్పకుండా ఈ గదిని గురించి రాయడం న్యాయం కాదు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కడుతున్నప్పుడు పనివాళ్లు ఆ దిబ్బలోని ఇటుకలనూ రాళ్లనూ తవ్వి వాడుకున్నారు. కొన్ని పలకలు సున్నం కోసం బట్టీల్లో కాలిపోయాయి. ఆ సంగతి విని ఒకసారి వచ్చి చూసిన కాలిన్ మెకంజీ అనే కంపెనీ సర్వేయరు మళ్లీ 1816లో వచ్చి ఆ శిల్పాలకు బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి తీసిన శిల్పాలను మద్రాసుకు తరలిస్తే అవి అక్కడ ఆరుబయట ఎండకూ వానకూ ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. 1859లో వాటిని ఓడలో లండన్‌కు పంపారు. అక్కడ కూడా వాటికి వెంటనే గౌరవం దొరకలేదు. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అనే పండితుడు ఫైఫ్ హౌస్ అనే భవనపు బండ్ల కొట్టంలో వాటిని చూసి బయటపెట్టాడు. ఈస్టిండియా కంపెనీ వారి సేకరణలతో ఏర్పడిన ఇండియా మ్యూజియాన్ని 1879-80లో ఎత్తివేసి పంచినప్పుడు ఈ శిల్పాలు బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి.

ఇవి మన ఊరికి తిరిగి రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. తవ్వినచోటనే, కృష్ణ గాలి తగిలేచోటనే, బడిపిల్లలు సైకిలు మీద వెళ్లి చూడగలిగేచోటనే ఇవి ఉండాలి. అదే సమయంలో మనవాళ్ల చేతుల్లో కాలి సున్నమైపోయిన పలకల సంగతి కూడా నేను మరచిపోలేను. ఈ గదిలో ఈ రాయిని కాపాడుతున్న తీరు చూసి నాకు కలిగిన కృతజ్ఞత కూడా నిజమైనదే. మేము అక్కడ గడిపిన రెండున్నర గంటల్లో ఆ గదిలోకి వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. ఒక వృద్ధ దంపతులు ఈ ఊరు ఎక్కడుందని మమ్మల్ని అడిగితే, నా స్నేహితురాలు ఫోనులో పటం తీసి కృష్ణా నది వంపును వేలితో గీసి చూపించింది. తిరిగి వెళ్లేటప్పుడు రోసెట్టా శిలను ఐదు నిమిషాలు చూశాం. చూడదగినదే, కానీ ఆ రోజు నా మనసు అక్కడ లేదు.

మధ్యాహ్నం భోజనానికి ఫిట్జ్‌రాయ్ స్క్వేర్‌లోని ఇండియన్ వైఎంసీఏకు నడిచి వెళ్లాం. పావుగంట నడక. దారిలో గోవర్ వీధిలో యూనివర్సిటీ కాలేజీ కనిపిస్తుంది. మన తాళపత్ర గ్రంథాలను సేకరించి, పరిష్కరించి, నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ ఇంగ్లండు తిరిగి వచ్చాక లండన్ విశ్వవిద్యాలయంలోనే తెలుగు ఆచార్యుడిగా ఉన్నాడు. 1884లో ఈ నగరంలోనే కన్నుమూశాడు. ఆ భవనం ముందు ఒక నిమిషం ఆగాం.

ఇండియన్ వైఎంసీఏ 1920లో భారతీయ విద్యార్థుల వసతి కోసం మొదలైన సంస్థ. అక్కడ బస చేయనివారు కూడా క్యాంటీన్‌లో భోజనం చేయవచ్చు. ట్రే పట్టుకుని వరుసలో నిలబడి, కావలసినవి చూపించి వడ్డించుకుని, పొడవైన బల్లల దగ్గర ఎవరి పక్కనైనా కూర్చోవాలి. మేము అన్నం, పప్పు, కూరగాయల కూర, అప్పడం, పెరుగు తీసుకున్నాం. ఇది విందు భోజనం కాదు. ఆవకాయ కోసమో గోంగూర కోసమో వెళ్లేవారు ఇక్కడికి వెళ్లనక్కరలేదు. నాకు మాత్రం ఇది లండన్‌లో నేను తిన్న అన్నిటికంటే తృప్తినిచ్చిన భోజనం. మూడేళ్లు ఒకే హాస్టల్ మెస్సులో స్టీలు కంచాలతో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరం మళ్లీ అలాంటి బల్ల దగ్గరే కూర్చోవడం దానికి ఒక కారణం. చదువుకోవడానికి కొత్తగా వచ్చిన ఒక అబ్బాయి మా పక్కన ఒంటరిగా కూర్చుంటే, మా మాటలు విని ‘అక్కా, మీది ఏ ఊరు’ అని తెలుగులో అడిగాడు. వాళ్లది ఖమ్మం. మిగిలిన లడ్డులన్నీ అతని చేతిలో పెట్టి వచ్చాం. నగరం మధ్యలో వేడి అన్నం, పప్పు తక్కువ ఖర్చుతో కావాలనుకునేవారికి ఈ చోటును నిస్సందేహంగా సిఫారసు చేస్తాను.

వారెన్ స్ట్రీట్ స్టేషనులో మెట్రో ఎక్కి, గ్రీన్ పార్కులో పికడిల్లీ లైనుకు మారితే సౌత్ కెన్సింగ్టన్ మూడో స్టేషను. స్టేషను నుంచి మ్యూజియం దాకా భూమి లోపలే పొడవైన నడకదారి ఉంది. వానలో కూడా తడవకుండా వెళ్లవచ్చు. టికెట్లు విడివిడిగా కొనకుండా బ్యాంకు కార్డునే గేటు దగ్గర తాకిస్తే రోజుకు ఇంతకు మించి వసూలు చేయరాదన్న పరిమితి దానంతట అదే వర్తిస్తుంది. ఒక మనిషి ఒకే కార్డు వాడాలి, అంతే.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మొదట టీ తాగాం. మ్యూజియంలో ఫలహారశాల ఉండాలన్న ఆలోచనను ప్రపంచంలో మొదట అమలు చేసింది ఈ మ్యూజియమే. 1860లలో అలంకరించిన ఆ మూడు గదులు కూడా ప్రదర్శన వస్తువుల్లాంటివే. మధ్య గదిలో స్తంభాల నిండా మెరుగు పింగాణీ పలకలు, పక్కనే ఇంగ్లండుకు చెందిన అలంకరణ కళాకారుడు విలియం మోరిస్ బృందం ఆకుపచ్చ రంగులో తీర్చిన గది. మేము స్కోన్లు తీసుకున్నాం. స్కోను అటు బన్నూ కాదు, ఇటు బిస్కెట్టూ కాదు. పొడిపొడిగా విరిగే చిన్న రొట్టె. దాన్ని అడ్డంగా కోసి, పండ్ల జాము రాసి, పాలను నెమ్మదిగా కాచి తీసిన చిక్కటి మీగడను దండిగా పెట్టుకుని తినాలి. మీగడ అంటే గేదెపాల మీదిది మాత్రమేనని నమ్మే నేను కూడా ఆ మీగడను మెచ్చుకోక తప్పలేదు. టీ కుండ నిండా ఇస్తారు. ఒక కుండ ఇద్దరికి సరిపోయింది. ఆ బల్ల దగ్గర గంటన్నర కూర్చున్నాం. తను మానేసిన సంగీతం గురించి, పోయిన ఏడాది తను పోగొట్టుకున్న నాన్నగారి గురించి, ఫోనులో ఇన్నేళ్లూ చెప్పుకోలేనివన్నీ అక్కడ చెప్పుకున్నాం. ఎవరూ మమ్మల్ని లేవమనలేదు.

దక్షిణాసియా గదిలో అందరూ చూసేది టిప్పు సుల్తాను పులి. తెల్లవాడిని కింద పడవేసి మెడ కొరుకుతున్న చెక్క పులి. లోపల గాలితిత్తులతో పనిచేసే వాద్యయంత్రం ఉంది. పిడి తిప్పితే పులి గుర్రుమనేది, పడినవాడి చెయ్యి లేచేది, మూలిగేవాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అది లండన్ చేరింది. ఇండియా మ్యూజియం పంపకాలలోనే అమరావతి శిల్పాలు ఒకవైపు, ఈ పులి ఇటువైపు వచ్చాయి. ఉదయం ఒకరింట్లోనూ సాయంత్రం మరొకరింట్లోనూ మేము చూసినవి ఒకప్పుడు ఒకే ఇంటి సామాను. ఈ సంగతి తెలిసి వెళితే రెండు మ్యూజియంలూ ఒకే కథగా కనిపిస్తాయి. అందుకే ఈ రెండింటినీ ఒకే రోజున, ఈ వరుసలోనే చూడమంటున్నాను.

కానీ మేము కదలలేకపోయింది పులి దగ్గర కాదు. గాజు వెనుక, మసక వెలుతురులో వేలాడదీసిన కోరమాండల్ తీరపు, అంటే మన తూర్పు తీరపు, అద్దకపు దుప్పటి ఒకదాని దగ్గర. పుట్ట మీద నుంచి వంపులు తిరిగి పైకెక్కిన ఒక చెట్టు, ఒక్కో కొమ్మకు ఒక్కో రకం పువ్వు. నా స్నేహితురాలి అమ్మమ్మగారి ఊరు పెడన. తాతయ్యకు అక్కడ అద్దకం షెడ్డు ఉండేది, ఇప్పుడు మేనమామ నడుపుతున్నాడు. తను గాజుకు దగ్గరగా వంగి, మ్యూజియం చీటీలో రాసినది చదవకుండానే, ఆ బట్ట ఎలా తయారై ఉంటుందో నాకు చెప్పడం మొదలుపెట్టింది. గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి ఎండలో ఆరవేసి తెల్లబరచడం, రంగు పాకకుండా కరక్కాయ, గేదెపాలలో ముంచడం, ఇనుపముక్కలూ బెల్లమూ ఊరబెట్టి తీసిన కసిమితో నల్లగీతలు, ఎరుపు రావలసినచోట పటిక నీళ్లు రాసి చిరివేరుతో ఉడకబెట్టడం, నీలి అంటకూడనిచోట మైనం పెట్టడం. పెడనలో ఇప్పుడు చేసేది చెక్క అచ్చులతో, ఈ పాత దుప్పటి మీద గీతలన్నీ కలంతో చేతిగా గీసినవి. ఆ తేడాను కూడా తనే చూపించింది. ‘ఈ ఎరుపు మా తాతయ్య షెడ్డులో ఉండేది’ అని తను అన్నప్పుడు గొంతు వణికింది.

ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టుకున్నది 1611లో. ఆ శతాబ్దం చివరికి మన అద్దకం బట్టల మీద ఇంగ్లండులో ఎంత మోజు పెరిగిందంటే, అక్కడి నేతగాళ్లు, ఉన్ని వర్తకులు గగ్గోలు పెట్టి 1700లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా వాటిని నిషేధించే చట్టాలు తెప్పించుకున్నారు. అదే మ్యూజియంలో బ్రిటిష్ గదుల విభాగంలో డేవిడ్ గ్యారిక్ అనే ప్రసిద్ధ నటుడి మంచం ఉంది. ఆ మంచానికి తెరలుగా కట్టడానికి కలకత్తా వర్తకులు అతని భార్యకు కానుకగా పంపిన అద్దకపు బట్టను 1775లో సుంకం అధికారులు పట్టుకున్నారు. దాన్ని విడిపించుకోవడానికి గ్యారిక్ అధికారులకు ఉత్తరం రాసి బతిమాలుకోవలసివచ్చింది. ఆ మంచాన్ని తప్పక చూడండి. మన ఊళ్లలో ఈనాడు మామూలు దుప్పటిగా బజారులో పరిచే పనితనానికి ఒక దేశం భయపడి చట్టం చేసుకున్న కాలం ఒకటుందని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

రెండు మ్యూజియంల మధ్య ఒకటి ఎంచుకోమంటే, శిల్పం మీద మనసున్నవారికి బ్రిటిష్ మ్యూజియం, చేతిపని మీద మనసున్నవారికి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అంటాను. నాకు రెండూ కావలసివచ్చాయి. ఒక్కొక్క చోట ఒకటి రెండు గదులకు మించి చూడాలనుకోకపోవడమే ఆ రోజు మేము చేసిన మంచిపని. కాళ్లు నొప్పి పుట్టినప్పుడల్లా మ్యూజియం మధ్యలో ఉన్న తోటలోకి వచ్చి కూర్చున్నాం. అక్కడ చీలమండల లోతు నీళ్లున్న గుండ్రటి కొలనులో పిల్లలు కేరింతలు కొడుతున్నారు. వేసవి కాబట్టి రాత్రి తొమ్మిదిదాకా వెలుతురు ఉంది.

ఆ దుప్పటి ఫొటోలు తను అక్కడి నుంచే పెడనలోని మేనమామకు పంపింది. అప్పటికి మన దగ్గర అర్ధరాత్రి దాటింది. జవాబు మరునాడు నేను విమానాశ్రయంలో ఉన్నప్పుడు తనకు వచ్చింది, తను దాన్ని నాకు పంపింది. పువ్వుల గురించి గాని, మ్యూజియం గురించి గాని మేనమామ ఏమీ రాయలేదు. ‘బట్ట వెనకవైపు చూశారా? రంగు అటు దిగిందా?’ అని మాత్రం అడిగాడు.